కొరియన్‌ని మాటలతోనే మొదలుపెట్టొచ్చా? ఒక డిప్లొమా స్టూడెంట్ ప్రశ్న

ప్రశ్న: సార్, మాది హిందూపురం దగ్గర పల్లెటూరు. డిప్లొమా మెకానికల్ ఫైనలియర్ చదువుతున్నా. పక్కనే కియా ఉంది కదా, కొరియన్ వస్తే ప్లస్ అవుతుందని అనిపిస్తోంది. సిరీస్‌లు చూసి కొన్ని మాటలు పట్టుకున్నా, గ్రామర్ బుక్ కొన్నా గానీ ముందుకి సాగట్లేదు. రోజూ మాట్లాడుకునే మాటలతోనే నేర్చుకోవచ్చా? ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు మూడు నెలల్లో ఫ్లూయెంట్, జాబ్ గ్యారంటీ అంటున్నారు. ఇంకొకాయన పరీక్ష రాయించి కొరియా ఫ్యాక్టరీకి పంపిస్తా, ముందు అడ్వాన్స్ కట్టమంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ అడ్వాన్స్ సంగతి తేల్చేద్దాం, మిగతావి నిదానంగా మాట్లాడుకోవచ్చు. కొరియా ఫ్యాక్టరీల్లోకి బయటి దేశాల వర్కర్లని తీసుకునే ఈపీఎస్ అనే స్కీమ్ 2004 నుంచి నడుస్తోంది, ఆయన చెప్పే పరీక్ష బహుశా దానిదే అయ్యుంటుంది. అది రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం ఉంటేనే కుదిరే పని. నేపాల్, శ్రీలంక, బంగ్లాదేశ్ అందులో ఉన్నాయి, మన దేశం లేదు. లేని దారికి అడ్వాన్స్ ఏంటి? రూపాయి కూడా కట్టకు, పాస్‌పోర్ట్ అయితే అస్సలు చేతికివ్వకు. రేపు ఇంకెవరైనా వచ్చి విదేశాల్లో పని ఇప్పిస్తామన్నా విదేశాంగ శాఖ వాళ్ళ ఈమైగ్రేట్ పోర్టల్‌లో ఆ ఏజెంట్ పేరు రిజిస్టర్ అయ్యుందో లేదో చూశాకే మాట్లాడు.

ఇక అసలు విషయానికొస్తే, మాటలతో మొదలుపెట్టొచ్చా అంటే అలాగే మొదలుపెట్టమంటాను, ముఖ్యంగా తెలుగువాళ్ళని. నీ గ్రామర్ బుక్ ముందుకి కదలకపోవడంలో నీ తప్పేం లేదు, మనకి దొరికే పుస్తకాల్లో ఎక్కువ భాగం ఇంగ్లీష్‌లో ఆలోచించేవాళ్ళ కోసం రాసినవి. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకి కొరియన్ నేర్పడానికి దాదాపు 2,200 క్లాసు గంటలు లెక్కేస్తుంది, వాళ్ళకి అంత కష్టం మరి, క్రియ చివరికి వెళ్ళడం దగ్గరే సగం తిప్పలు పడతారు. మనకి ఆ బాధ లేదు. "చొనున్ పాబుల్ మొగొయో" అంటే నేను అన్నం తింటాను, వరస మార్చక్కర్లేదు. ఊరి పేరు వెనకాల "ఎ" పెడితే "కి" అయిపోతుంది, "ఎసొ" పెడితే "నుంచి". నేను, నువ్వు అని ప్రతిసారీ చెప్పక్కర్లేదు, తెలుగులో లాగే వదిలేస్తారు. నీళ్ళు కావాలంటే "ముల్ చోమ్ జుసెయో", అందులో "చోమ్" అంటే మనం "కొంచెం నీళ్ళివ్వండి" అన్నప్పుడు మర్యాద కోసం వేసే ఆ కొంచెమే. అందుకని కొరియన్ వాక్యం విన్నప్పుడల్లా మనసులో ఇంగ్లీష్‌లోకి మార్చకు, తిన్నగా తెలుగులోకి తెచ్చుకో, చాలావరకు గ్రామర్ నీకు తెలియకుండానే పట్టుబడుతుంది. కష్టం ఉండేది పదాల్లో, చాలా పదాలు చైనీస్ మూలాల నుంచి వచ్చినవి కాబట్టి మన సంస్కృతం అక్కడ పనికి రాదు, అవి బట్టీ పట్టాల్సిందే.

కానీ ఒక షరతు, నోరు తెరిచే ముందు లిపి నేర్చుకో. హంగుల్ అంటారు, సెజోంగ్ రాజు 1443లో తయారు చేయించి 1446లో ప్రకటించాడు, మామూలు జనం చదువుకోవాలనే చేసిన లిపి అది. మూల హల్లులు 14, మూల అచ్చులు 10. గుణింతాలు, ఒత్తులు రాసిన చేతికి హల్లు పక్కన అచ్చు పెట్టి కింద ఇంకో హల్లు పేర్చడం ఒక వారం పని, అంతకంటే ఎక్కువ పట్టదు. చాలామంది తెలుగులో రాసుకుని కంఠస్థం చేస్తారు, నేనూ ఇక్కడ వేరే దారిలేక అలాగే రాస్తున్నా గానీ నువ్వు మాత్రం నోట్‌బుక్‌లో అలా రాసుకోకు. వాళ్ళకి రెండు రకాల ఒ ఉన్నాయి, ఒకటి నోరు తెరిచి, ఒకటి పెదాలు గుండ్రంగా చుట్టి, తెలుగులో రాస్తే రెండూ ఒకటైపోతాయి. అలాగే తాల్ అంటే చంద్రుడు, నొక్కి త్తాల్ అంటే కూతురు, గాలి వదిలి థాల్ అంటే ముఖానికి పెట్టుకునే మాస్క్. ఈ తేడా చెవికి పట్టాలంటే విని పలకాల్సిందే.

ఇప్పుడు సిరీస్‌ల గురించి. చూడు, మానక్కర్లేదు, చెవికి మంచిదే. అయితే అందులో ఫ్రెండ్స్, లవర్స్ మాట్లాడుకునేది ఎక్కువగా "పన్మల్", అంటే మన నువ్వు, రా, పో లాంటిది. అదే అలవాటు చేసుకుని రేపు ఇంటర్వ్యూలో పెద్దాయన ముందు వదిలావనుకో, అక్కడితో అయిపోతుంది. మొదటి రోజు నుంచి చివర్లో "యో" వచ్చే మర్యాద రూపమే నోటికి పట్టించు, తర్వాత ఆఫీసులో వాడే "మ్నిదా" రూపం. ఇంకోటి, "ఒప్పా" అని అబ్బాయిలు అనరు, అది అమ్మాయిలు అన్నయ్యని పిలిచే మాట, అబ్బాయిలు "హ్యొంగ్" అంటారు, అదీ దగ్గరివాళ్ళని మాత్రమే. పనిచేసే చోట వరసలు కలపకు, ఇంటిపేరుకి హోదా తగిలించి చివర "నిమ్" పెట్టు: కిమ్ గ్వాజంగ్‌నిమ్, లీ బుజంగ్‌నిమ్. నిమ్ అంటే మన గారు అనుకో.

ప్రాక్టీస్ ఎలా అంటే, వారానికి ఒక సందర్భం పెట్టుకో. నీకు పనికొచ్చేదే చెప్తా. మెషిన్ దగ్గర నిలబడ్డావు, కొరియన్ మేనేజర్ వచ్చి "ఇగొ వే ఇరెయో?" అన్నాడు, ఇదెందుకు ఇలా ఉంది అని. నువ్వు "చమ్‌క్కన్‌మన్యో, హ్వాగిన్‌హగెస్సుమ్నిదా" అనాలి, ఒక్క నిమిషమండి, చెక్ చేస్తాను అని. అర్థం కాకపోతే "తాషి హన్‌బొన్ మల్హె జుసెయో", ఇంకోసారి చెప్పండి. పని అయ్యాక "తా త్వెస్సుమ్నిదా", అయిపోయిందండి. ఇవి నాలుగే. ఆడియో విను, వాళ్ళతో పాటే పలుకు, ఫోన్‌లో రికార్డ్ చేసి పక్కపక్కన పెట్టి విను, సిగ్గుపడకు ఎవరూ వినరు. నోరు తిరిగాక ఒక్కో పదం మార్చు, నీళ్ళు ఇవ్వండి అన్నచోట స్పానర్ ఇవ్వండి అను, బోల్ట్, నట్, స్పానర్ లాంటివి వాళ్ళూ ఇంగ్లీష్ నుంచే తీసుకున్నారు కాబట్టి నీ డిప్లొమా పదాలు సగం రెడీగా ఉన్నాయి. అంకెలు మాత్రం మొదట్లోనే పట్టుకో, రెండు సెట్లు ఉంటాయి, టైం చెప్పేటప్పుడు గంటలకి ఒకటి, నిమిషాలకి ఇంకొకటి. వస్తువులు లెక్కపెట్టడానికి గంటల సెట్టు, డబ్బులకి నిమిషాల సెట్టు. ఇక్కడ తడబడని బిగినర్ ఉండడు.

జాబ్ విషయం దాపరికం లేకుండా చెప్తా. పెనుకొండ దగ్గర కియాలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి, చుట్టూ కొరియన్ సప్లయర్ కంపెనీలు వచ్చాయి, శ్రీసిటీలో ఎల్జీ ప్లాంటుకి 2025లో శంకుస్థాపన జరిగింది, చెన్నై పక్కన హ్యుందాయ్ ఎప్పటినుంచో ఉంది. అవకాశం ఉన్నమాట నిజం. అయితే టెక్నీషియన్‌గా తీసుకునేది నీ డిప్లొమా చూసి, కొరియన్ దాని మీద అదనం. మూడు నెలల కన్వర్సేషన్‌తో ఇంటర్‌ప్రెటర్ అవ్వలేవు, దానికి టోపిక్ అనే కొరియన్ భాషా ప్రావీణ్య పరీక్షలో పై లెవెల్స్ కావాలి, ఏళ్ళ పని. గ్యారంటీ అనే మాట ఎవరు అన్నా కాగితం మీద రాసివ్వమను, అప్పుడు తెలుస్తుంది. ఆ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాలనే ఉంటే డెమో క్లాసులో కూర్చుని స్టూడెంట్స్ ఎంతసేపు మాట్లాడుతున్నారో చూడు, మాస్టారే గంటంతా మాట్లాడితే వచ్చెయ్. అసలు డబ్బు పెట్టే ముందు కొరియా ప్రభుత్వం తరఫున భాష నేర్పే కింగ్ సెజోంగ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ ఆన్‌లైన్ కోర్సులు చూడు, ఫ్రీగా ఉన్నాయి. పద్ధతిగా చదవాలనిపిస్తే హైదరాబాద్‌లో ఇఫ్లూలో, అంటే ఇంగ్లీష్, విదేశీ భాషల యూనివర్సిటీలో కొరియన్ ఉంది.

ఫైనల్ పరీక్షలు పాడుచేసుకోకు, అప్పటిదాకా రోజుకి అరగంట చాలు. అవి అయ్యాక టోపిక్‌లో బిగినర్లకి పెట్టే టోపిక్ 1కి చదువు, 200 మార్కులకి వినడం, చదవడం మాత్రమే ఉంటాయి, 80 వస్తే లెవెల్ 1, 140 వస్తే లెవెల్ 2. మాట్లాడే భాగం అందులో లేదు కాబట్టి ఆ సర్టిఫికెట్ వచ్చినా నోటి ప్రాక్టీస్ ఆపొద్దు. సర్టిఫికెట్ రెండేళ్ళే చెల్లుతుంది, అందుకని ఉద్యోగాలకి అప్లై చేసే టైం చూసుకుని రాయి.