రాతి పలకలోని రంధ్రాలు: తొలిచినవా, తవ్వినవా?

నమస్కారమండీ. ఒంగోలులో ఇంటి పనికి దింపించిన సున్నపురాతి పలకపై వేలు పట్టేంత రంధ్రాలు, వాటి పక్కన అతుక్కున్న గుల్లలు ఉన్నాయని, ఇవి పురాతన సముద్రపు అడుగు ఆనవాళ్లేనా అని మీరు అడిగారు.

ముందుగా రంధ్రపు అంచును భూతద్దంతో పరిశీలించండి. మెత్తని బురదలో బొరియ చేసే జీవి రేణువులను పక్కకు నెడుతుంది. అప్పటికే గట్టిపడిన అడుగును తొలిచే జీవి మాత్రం దారిలో ఉన్న గుల్లను కూడా కోసుకుంటూ పోతుంది. అంచు వద్ద పాత గుల్ల సగానికి తెగి కనిపిస్తే, రంధ్రం పడేనాటికే ఆ అడుగు రాయిగా మారిందన్నమాట. రంధ్రంలో నిండిన పదార్థం కూడా రాయిగా మారి ఉంటే, అది ఈనాటి తొలుపు కాదు.

సన్నని గొట్టాల్లాంటి వాటిని ట్రిపనైట్స్ అంటారు. అడుగున ఉబ్బిన సీసా ఆకారంలోనివి ఆల్చిప్పల వంటి జీవులు తొలిచిన గ్యాస్ట్రోకీనోలైట్స్. ఇవి జురాసిక్ కాలం (రాక్షసబల్లులు తిరిగిన యుగాల్లో ఒకటి) నుంచి విరివిగా కనిపిస్తాయి. మీ వర్ణనను బట్టి నాకు రెండో రకమే అనిపిస్తోంది. జురాసిక్‌లోనూ, అంతకు ఎంతో ముందటి ఆర్డోవిషియన్ కాలంలోనూ సముద్రాల్లో కాల్సైట్ (సున్నపురాతిలోని ప్రధాన ఖనిజం) తేలికగా పేరుకోవడం వల్ల అటువంటి గట్టి అడుగులు ఎక్కువగా ఏర్పడ్డాయి.

పలక ఏ గనిదో అమ్మినవారిని అడగండి, ఎందుకంటే అది మన జిల్లాది కాకపోవచ్చు. మార్కాపురం పలకరాయి జంతువులు పుట్టకముందుది. గ్రానైట్ పేరుతో అమ్మే చీమకుర్తి నల్లరాయి శిలాద్రవం గడ్డకట్టినది. ఒంగోలు ప్రాంతపు వేమవరం రాతి పొరల్లో అమ్మోనైట్లు (చుట్ట తిరిగిన గుల్లలున్న, అంతరించిన సముద్ర జీవులు) దొరికాయి గానీ, అది బురద అడుగు, ఇలా తొలిచే గట్టి అడుగు కాదు. ఈలోగా పలకను యాసిడ్‌తో కడిగించకండి. సున్నపురాయి కరిగి అంచులు చెరిగిపోతాయి.