ఆయన చెప్పినట్టు వినడం ఇష్టమే, మరి నా ఏటీఎం కార్డు?

ప్రశ్న: మాది విశాఖలో మధురవాడ. ఆఫీసులో టీమ్ లీడ్‌ని. పడకగదిలో మాత్రం మా ఆయన చెప్పినట్టు నడుచుకోవడమే నాకిష్టం. ‘నేను డామ్, నువ్వు సబ్’ అంటుంటారు, అంటే ఆజ్ఞాపించేది ఆయన, లోబడేది నేను. ఇప్పుడు అదే మాట చెప్పి నా ఏటీఎం కార్డు తీసుకున్నారు. విజయనగరంలో అమ్మావాళ్లింటికి వెళ్లాలన్నా అడిగి వెళ్లాలట. ముందు ఒప్పుకున్నది నేనే కదా, ఇప్పుడు కాదంటే తప్పా?

జవాబు: తప్పేమీ లేదమ్మా. ఆఫీసులో పదిమందికి పని చెప్పి, ఇంట్లో ఒకరి మాటకు తలొగ్గి హాయి పొందడం జబ్బు కాదు. పెద్దవాళ్లిద్దరూ ఇష్టపడి నడుపుకునే ఇలాంటి పాత్రలను ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా రోగంగా చూడదు. 2022లో అమల్లోకొచ్చిన దాని జబ్బుల జాబితాలో వీటికి చోటు లేదు.

అయితే ఆ ఒప్పందం కుదిరిన చోటే, కుదిరినంతసేపే చెల్లుతుంది. జీతానికీ పుట్టింటికీ అది పాకదు. ఇవాళ చిన్న విషయానికి ‘వద్దు’ అని చూడండి. ‘సరే’ అని ఊరుకుంటే మంచిదే. రెండు రోజులు మూతి ముడిచినా, ‘సబ్‌వి కదా’ అని దెప్పినా, మన తాతల నాటి మొగుడి పెత్తనమే కొత్త పేరుతో వచ్చిందనుకోండి.

ముందు డబ్బు సంగతి. మీ ఖాతాకు ఎవరి ఫోన్ నంబరు ఉంది? ఆయనదైతే ఓటీపీలు ఆయనకే పోతాయి, కార్డు తిరిగిచ్చినా లాభం లేదు. ఆధార్ పట్టుకుని మీరే బ్రాంచికెళ్లి నంబరు మార్పించండి. పాత కార్డు ఆపించి కొత్తది అడగండి, యూపీఐ పిన్ మార్చండి. అలా చేస్తే చెయ్యి చేసుకుంటారన్న భయముంటే మాత్రం, మార్చక ముందే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

మాట్లాడేది పడక మీద వద్దు, గొడవైన వెంటనే వద్దు. ఆదివారం పొద్దున్నే బీచ్ రోడ్డులో నడుస్తూ మాట్లాడండి. పక్కపక్కన నడిచేవాళ్ల గొంతులు అంతగా లేవవు. ఏది సరే, ఏది కుదరదు అన్నది తేల్చుకోండి. ఆపడానికి ఒక మాట పెట్టుకోండి. ‘ఆగు’, ‘వద్దు’ ఆటలో భాగమైపోతాయి కాబట్టి ‘కైలాసగిరి’ లాంటి సంబంధం లేని మాట నయం. ఆ మాట వినగానే ఆగాలి, ఎందుకన్న ప్రశ్న మర్నాటికి. మెడ నొక్కడం మాత్రం ఎంత తేలిగ్గానైనా ఒప్పుకోవద్దు, ప్రాణం మీదికొస్తుంది.

ఇంత చెప్పినా కార్డు ఇవ్వకపోతే, మీ డబ్బు మీకు అందకుండా చేయడాన్ని 2005 గృహహింస చట్టం ఆర్థిక వేధింపు కిందే లెక్కగడుతుంది. ఫిర్యాదు ఎక్కడివ్వాలో, ఎలా రాయాలో కూడా 181 వాళ్లే చెబుతారు.