ఛార్జి: ఒక మాట, పలు భారాలు

ప్రశ్న: ఒంగోలు బస్సుకు ఛార్జీ, ఫోనుకు ఛార్జింగు, కొత్త తహసీల్దారు ఛార్జి తీసుకోవడం, పోలీసుల ఛార్జిషీటు - ఇవన్నీ ఒకే మాటా? (ఒక పాఠకురాలు, కావలి)

జవాబు: ఒకే మాటే. బండి అని అర్థమున్న లాటిన్ ‘కార్రుస్’ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిన ఈ మాటకు తొలి అర్థం బరువు ఎక్కించడం. ఆ బరువే మనిషి మీద పడితే బాధ్యత, లెక్కలో పడితే రుసుము, బ్యాటరీలో చేరితే విద్యుత్తు అయింది. మన కార్యభారం, రుణభారం కూడా దాదాపు ఈ దారినే నడిచాయి. బస్సు టిక్కెట్టు ధరను ఇంగ్లీషువారు ‘ఫేర్’ అంటారు. ‘బస్సు ఛార్జీ’ మన వాడుక, తెలుగులో అది తప్పేమీ కాదు. లాఠీఛార్జిలోని అర్థం మీదికి ఉరకడం.

జాగ్రత్త పడవలసింది కోర్టు వార్తలు చదివేటప్పుడు. ఛార్జిషీటు అంటే దర్యాప్తు ముగించి పోలీసులు సమర్పించే నివేదిక. ‘ఛార్జి’ అంటే ఆ కాగితాలను పరిశీలించి, ఇరుపక్షాల వాదన విన్నాక న్యాయస్థానం నమోదు చేసే అభియోగం. ఛార్జిషీటు పడగానే నేరం రుజువైనట్టు టీ కొట్టు దగ్గర తీర్పులు చెప్పేవారు ఈ తేడాను పట్టించుకోరు. విచారణకు తగిన ఆధారం లేదని తేలితే ఆ దశలోనే నిందితుణ్ణి ‘డిశ్చార్జి’ చేస్తారు. ఆస్పత్రి నుంచి రోగిని ఇంటికి పంపడానికి వాడేదీ ఈ మాటే.