ఎమ్మారై గది గడప దాటేముందు

బిడ్డా,

హన్మకొండల స్కానింగ్ సెంటర్‌ల టెక్నీషియన్‌గ చేరుతున్నవని మీ బాపు ఫోన్ల చెప్పిండు. కడుపు నిండింది. రాత్రి నిద్ర మాత్రం పట్టలే.

ఏ మిషన్ దేనికో నువ్వు చదువుకున్నదే. ఎముక విరిగితే ఎక్స్‌రే. పిత్తాశయంల రాళ్లకు, కడుపుతోని ఉన్నోళ్లకు అల్ట్రాసౌండ్. రేడియేషన్ ఉండదు గాని గాలిని, ఎముకను దాటి చూడలేదు. బండి మీదికెళ్లి పడి తల పగిలినోళ్లకు సీటీ. నెత్తురు కారుతుంటే నిమిషాల్ల తెలుస్తది. కానీ కడుపు సీటీ ఒక్కటి దాదాపు 8 మిల్లీసీవర్ట్‌ల (రేడియేషన్ కొలత) రేడియేషన్ ఇస్తది, ప్రకృతి మనకు మూడేండ్లల్ల ఇచ్చేదానికన్న ఎక్కువ. పసిపిల్లలకు పెద్దోళ్ల సెట్టింగులు పెడితే ఊకోను! కాంట్రాస్ట్ (బొమ్మ మంచిగ కనపడెటందుకు నరానికిచ్చే మందు) ఎక్కించే ముందు క్రియాటినిన్ చూడు, కిడ్నీలు మంచిగున్నయా తెలుస్తది. నీకు తగిలిన రేడియేషన్‌ను కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి లెడ్ (సీసం) ఏప్రాన్ లోపల, ఛాతీ మీద ఉండాలె.

నా భయమంత ఎమ్మారై మీదనే. రేడియేషన్ లేదు, మెదడును, వెన్నుపూసను, మోకాలి లిగమెంట్లను దానంత మంచిగ ఏదీ చూపియ్యదు. అందుకే అందరు దాన్ని సాధువనుకుంటరు. కానీ అది పెద్ద అయస్కాంతం. దాని బలం 1.5 టెస్లా అంటే భూమి అయస్కాంతానికి దాదాపు 30 వేల రెట్లు. స్కాన్ నడవకున్నా, కరెంటు పోయినా, అయస్కాంతం తీగచుట్టలు ద్రవ హీలియంల మైనస్ 269 డిగ్రీల దగ్గర ఉన్నంతసేపు ఆ గుంజుడు ఆగదు. ఎప్పటికీ జరిగే తప్పు ఇక్కడనే: చప్పుడు లేదు, బందైందనుకొని ఇనుప ఆక్సిజన్ సిలిండర్‌తోనే స్ట్రెచర్‌ను లోపటికి తోస్తరు. గుంజుడు మెల్లగ పెరగదు. ఒక్క అడుగు దాటంగనే సిలిండర్ చేతులకెళ్లి ఎగిరి మిషన్ సొరంగంల పడతది, నడుమల మనిషి ఉన్నా సరే.

అందుకని పేషెంట్‌ను బయటనే ఇనుము లేని స్ట్రెచర్ మీదికి మార్చు. ఎంత ఎమర్జెన్సీ అయినా, డాక్టర్ కోప్పడ్డా, తలుపు దగ్గర నువ్వే నిలబడు. ములుగు, భూపాలపల్లి దిక్కునుంచి వచ్చే పెద్దమనుషులు "ఇనుము లేదు బిడ్డా" అంటరు. మొలతాడుకు తాళంచెవి, మెడల తాయెత్తు, జాకెట్టుకు పిన్నీసు ఉంటయి. అడిగి ఊకోకు, గౌను తొడిగియ్యి. పేస్‌మేకర్ సంగతి ఇంటోళ్లను గూడ అడుగు. వెల్డింగ్ చేసినోళ్ల కంట్ల రజను పడ్డదంటే ముందు కంటి ఎక్స్‌రే.

ఏదన్న అతుక్కుంటే, మనిషి ఇరుక్కోకపోతే, గుంజకు, ఇంజనీరును పిలువు. మనిషి ఇరుక్కుంటే క్వెంచ్ బటన్ నొక్కు, హీలియం ఆవిరై పోయి అయస్కాంతం బందైతది, హీలియం ఖర్చు ఎంతైనా కానీ. ఆవిరి గదిలకు లీకైతే ఊపిరాడదు; తలుపు తెరిచి, అందరిని బయటికి తీసుకరా.

చేరిన మొదటిరోజే ఆ బటన్ ఏ గోడకుందో చూసి నాకు ఫోన్ చెయ్యి.

పైలం బిడ్డా.

మీ పెద్దబాపు