సైలెన్సర్‌కి రంగేసే ముందు ఈ ఉత్తరం చదువు

చిరంజీవి మేనల్లుడికి,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసింది. షెడ్డులో మూలపడ్డ మన పాత బైకు, యెజ్డీ రోడ్‌కింగ్‌ని బయటికి లాగావట, పదో కిక్కుకో పదకొండో కిక్కుకో పలికిందట, వచ్చే నెల అమ్మాయిని వెనకాల ఎక్కించుకుని అరకు వెళ్తావట. ఛాతీ ఉబ్బిందిరా. అంతలోనే "సైలెన్సర్లు తుప్పు పట్టాయి కదా, ఈ ఆదివారం నల్లరంగు కొట్టేస్తాడట" అంది. ఇక నాకు నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే "సరే మామయ్యా" అని పెట్టేస్తావని రాస్తున్నాను.

బ్రేకు షూలు మార్చు. టైర్లు పాతవైతే, గాడి ఎంత లోతున్నా సరే, పారేయ్. ఇవి నీకు తెలిసినవే.

ఇక సైలెన్సర్. ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు బళ్లు విప్పిన వాడిగా చెప్తున్నా. దీని మీద ఏ రంగు నిలుస్తుంది అనేది రెండో ప్రశ్న, ఎంత వేడిలో నిలవాలి అనేది మొదటిది. ఇంజన్‌కి ఆనుకుని ఉండే బెండు పైపు, ఘాట్ రోడ్డులో సెకండ్ గేర్లో లాగుతుంటే మూడు నాలుగు వందల డిగ్రీలకి పోతుంది. వెనక సైలెన్సర్ అంత కాలదు గానీ మామూలు ఎనామిల్ రంగుని మెత్తబరచడానికి అది చాలు. పొడి రంగు చల్లే పౌడర్ కోటింగ్ అని ఎవడైనా అంటే వినకు. దాన్ని 200 డిగ్రీల దగ్గరే కాల్చి గట్టిపరుస్తారు, మరి బెండు పైపు మీద అదేం నిలుస్తుంది? పైపుకి వేడి తట్టుకునే గుడ్డ చుట్టేస్తే సరిపోతుందనీ అంటారు. నువ్వుండేది విశాఖ. ఆ చుట్టలోకి వాన, సముద్రపు గాలి తేమ చేరితే లోపలి ఇనుము నీకు కనపడకుండానే తినేస్తుంది.

నన్నడిగితే బెండు పైపులకి సిరామిక్ కోటింగ్, సైలెన్సర్లకి మళ్లీ క్రోమ్. కంపెనీ నుంచి వచ్చింది క్రోమ్‌తోనే కదా. కాకపోతే కింద నికెల్ మందంగా పట్టించే వాడి దగ్గరికే వెళ్లు. పైన తళతళలాడే క్రోమ్ పొర చాలా పల్చన, తుప్పుని ఆపేది నికెలే. నికెల్ దగ్గర పిసినారితనం చేసిన పని రెండు వానాకాలాలు కూడా ఆగదు. బెండు మీద క్రోమ్ వేయించినా వేడికి నీలం తిరుగుతుంది, అది తప్పు కాదు. అంత డబ్బు ఇప్పుడు లేదంటావా, వేడిని తట్టుకునే హీట్ పెయింట్ వెయ్యి. అందులో చిన్నతనమేం లేదు. మళ్లీ గీకి మళ్లీ వేసుకోవచ్చు.

కానీ ఎలా వేస్తావన్నదే నా భయం. ఎందుకో చెప్తాను.

1984లో ఆ బండి నాది. నాకు ఇరవై మూడు, పని వచ్చేసిందనుకునే వయసు. గుడివాడలో చుట్టాలింట్లో పెళ్లి. క్రోమ్ మచ్చలు పడ్డ సైలెన్సర్లతో అందరి ముందు దిగడం నామోషీ అనిపించింది. ముందురోజు రాత్రి పదింటికి, కిటికీలకి వేసే నల్ల ఎనామిల్ డబ్బా తెచ్చి, వేస్ట్ గుడ్డతో పైపైన తుడిచి, బ్రష్‌తో దట్టంగా పూసేశాను. లాంతరు వెలుతురులో అద్దంలా మెరిసింది. పొద్దున ముట్టుకుంటే వేలికి అంటలేదు, ఆరిందనుకున్నాను.

మీ అమ్మ అప్పటికి పెళ్లికాని పిల్ల. చిలకపచ్చ పట్టుచీర కట్టుకుని వెనకాల ఒక పక్కకి కూర్చుంది. కంకిపాడు దాటాక వాసన మొదలైంది. "అన్నయ్యా, ఏదో కాలుతోంది" అంటే "ఆయిల్ వాసనలే" అన్నాను. కాసేపటికి పొగ కూడా వచ్చింది. ఆపాను. రోడ్‌కింగ్‌కి సైలెన్సర్లు చెరో పక్కన ఉంటాయని నీకు తెలుసుగా. తను ఎడమ పక్కకి దిగుతుంటే చీర కుచ్చిళ్లు లేచి పిక్క సైలెన్సర్‌కి తగిలింది. ఉత్త ఇనుమైతే చురుక్కుమని కాలు లాగేసుకునేది. ఇక్కడ రంగు పాకంలా ఉంది. చర్మానికి పట్టుకుని, కాలితోపాటు వచ్చింది. ఊడదీయబోతే చర్మం కూడా లేచింది. ఎదురుగా టీకొట్టు వాడు సిరా బుడ్డి తెచ్చి పోశాడు, అప్పట్లో అదే వైద్యం. కాలితే సిరాలూ పేస్టులూ కాదురా, కుళాయి కింద ఇరవై నిమిషాలు చల్లటి నీళ్లు, అంటుకున్నదాన్ని పీకకుండా డాక్టర్ దగ్గరికి. ఇది బండి మీద రాసి పెట్టుకో.

తను ఏడవలేదు. ఇంటికొచ్చాక మా నాన్నతో, పెళ్లివారి పొయ్యి దగ్గర కాలిందని చెప్పింది. నలభై ఏళ్లు దాటింది, ఇప్పటికీ ఆ మాట మీదే ఉంది. నువ్వూ పొయ్యి మచ్చే అనుకుంటున్నావు కదూ.

అందుకని, ఒరేయ్, తొందరపడితే ఊరుకోను. పాత క్రోమ్, తుప్పు అన్నీ సాండ్ బ్లాస్టింగ్‌లో, అంటే గాలి ఒత్తిడితో ఇసుక కొట్టించి, పోవాలి, గరుకైన ఉత్త ఇనుము కనపడాలి. లప్పం పెట్టకు, మామూలు ప్రైమర్ వెయ్యకు. థిన్నర్‌తో తుడిచాక చేత్తో ముట్టుకోకు, వేలి జిడ్డు చాలు రంగు లేచిపోవడానికి. పల్చగా రెండు మూడు కోట్లు, అంతే. డబ్బా మీద 600 డిగ్రీలని ఉంటుంది గానీ, ఆ రంగు ఒకసారి సరిగా కాలి గట్టిపడితేనే ఆ మాట నిజం. గాలికి ఆరడం వేరు, కాలడం వేరు. నేను ఆ రెండింటికీ తేడా తెలియకే చెడ్డాను, పైగా నాది అసలు వేడి రంగే కాదు. ఇంజన్ నడిపి కాలుద్దామంటే నిలబెట్టి పది నిమిషాలకి మించొద్దు, అది గాలికి చల్లబడే ఇంజన్. దానికంటే పౌడర్ కోటింగ్ షాపు వాడిని బతిమాలి అతని ఓవెన్లో 200కి ఒక గంట పెట్టించు. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో వేరే లెక్క ఉంటే అదే పాటించు. ముందుగా లోపలి టూటీ ఆయిల్ (పెట్రోల్‌లో కలిపే ఇంజన్ ఆయిల్) మసి శుభ్రం చెయ్యి, లేకపోతే అతని షాపంతా పొగే. బెండు పైపు ఇంజన్‌కి అతికే చోట పెట్టే గాస్కెట్ కొత్తది వెయ్యి. అక్కడ నల్లనూనె కారితే ఏ రంగూ నిలవదు.

మొదటి వారం అమ్మాయిని ఎక్కించకు. ఒక్కడివే తిరుగు. ఎక్కించాక ప్యాంటు వేసుకోమను, దిగడం ఎటో ముందే చూపించు. ముసలాడి చాదస్తం అనుకుంటే అనుకో.

బండి మీ నాన్నకి పెళ్లిలో ఇచ్చే ముందు వైర్ బ్రష్ పెట్టి ఆ ఎనామిలంతా నేనే గీకేశాను. ఎడమ సైలెన్సర్ వెనక క్లాంప్ కింద మాత్రం బ్రష్ దూరలేదు. బ్లాస్టింగ్‌కి ఇచ్చే ముందు అక్కడ విప్పి చూడు, నల్లగా ఓ వేలెడంత పట్టీ ఉండాలి. ఉంటే ఫొటో తీసి పంపు. మీ అమ్మకి చూపించకు.

మీ మామయ్య