ఏరు దాటాల్సిన కాన్పులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది పి.గన్నవరం మండలంలో, గోదావరి పాయల మధ్య ఒక లంక. మా అమ్మాయిని తొలి కాన్పుకి తీసుకొచ్చాం. ఆగస్టు 20 డేటు ఇచ్చారు. ఏటా ఆ రోజుల్లో కాజ్‌వే మునిగిపోయి పడవల మీదే తిరుగుతాం. అల్లుడిగారిది తణుకు. అమ్మాయిని తిరిగి పంపమంటారా? నొప్పులు మొదలవగానే 108కి ఫోన్ చేస్తే సరిపోతుందా?

జవాబు: తణుకు పంపండి. అమ్మ దగ్గర ఉంటుందనే కదా పుట్టింటికి తెచ్చుకునేది! వీలైతే మీరే ఆ నెల రోజులూ వెళ్లి అమ్మాయి పక్కన ఉండండి. అది కుదరకపోతే ఏటిగట్టుకి అవతల, ప్రభుత్వాసుపత్రికి ఆటోలో అరగంటలో చేరగలిగే చోట చుట్టాలింట ఉంచండి.

ఎప్పుడు కదలాలన్నదే ముఖ్యం. డాక్టరు రాసిన తేదీనే కాన్పయ్యేది నూటికి నలుగురైదుగురికి మాత్రమే. 37 వారాలు నిండాక ఏ రోజైనా నొప్పులు రావచ్చు. మీ లెక్కన అది జులై 30. వరద ఉన్నా లేకపోయినా ఆ తేదీకి అమ్మాయి లంకలో ఉండకూడదు. అంతకుముందే గోదావరి పెరుగుతుంటే, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక ఇచ్చేదాకా చూడకండి. తక్కువ ఎత్తులో కట్టిన కాజ్‌వేలు అంతకంటే ముందే మునుగుతాయి. ఎగువన భద్రాచలంలో 43 అడుగులకి మొదటి హెచ్చరిక ఇచ్చారని వినగానే బయల్దేరండి. అక్కడ పెరిగిన నీరు మన దాకా రావడానికి పట్టే వ్యవధే మీ చేతిలో ఉన్న టైము. వరద వేళ నెలలు నిండిన వాళ్లని ఆసుపత్రికి తరలించడానికి అధికారులు జాబితా రాస్తారు. అందులో మీ అమ్మాయి పేరు ఉందో లేదో ఆశా కార్యకర్తని ఇప్పుడే అడగండి. పుట్టింటికి వచ్చిన వాళ్ల పేర్లు అత్తవారి ఊరి రిజిస్టరులో ఉండిపోయి ఇక్కడి జాబితాకి ఎక్కకపోవడం మామూలే.

అన్నీ చేసినా లంకలో ఉండగానే నొప్పులు వస్తే ఏం చేయాలి? 108 వాహనం రేవు దాకానే వస్తుంది. పడవ అవతలి ఒడ్డు చేరాక ఫోన్ చేసి, గట్టు మీద కూర్చుని ఎదురుచూస్తుంటారు చాలామంది. అలా చేయకండి. అమ్మాయిని ఇంట్లోంచి కదిలించే ముందే ఫోన్ చేసి ఊరి పేరు కాదు, పడవ ఏ రేవుకి చేరుతుందో చెప్పండి. ఇంజను పడవ ఉన్న ఇద్దరి నంబర్లు గోడ మీద రాసి పెట్టుకోండి, ఒకరు ఊళ్లో లేకపోతే రెండోవారు. లైఫ్ జాకెట్లు, టార్చిలైటు, పడవలో పరవడానికి పరుపు, కప్పడానికి టార్పాలిను ముందే ఒకచోట ఉంచండి. పడవలో ఎడమ పక్కకి ఒత్తిగిలి పడుకోవాలి. వెల్లకిలా పడుకుంటే కడుపు బరువు పెద్ద రక్తనాళం మీద పడి బిడ్డకి రక్తం తగ్గుతుంది. తల్లీబిడ్డల కార్డు, బ్లడ్ గ్రూపు చీటీ, ఆధార్ ఒక ప్లాస్టిక్ కవరులో కట్టి ఉంచండి.

నొప్పులు త్వరగా రావాలని ఊళ్లో ఆర్‌ఎంపీ చేత ఇంజెక్షన్ చేయించకండి. ఇది బతిమాలి చెబుతున్నాం. అది ఆక్సిటోసిన్. బిడ్డ బయటికి రాకముందు ఇంట్లో ఇస్తే నొప్పులు ఆగకుండా వచ్చి బిడ్డకి ఊపిరి అందదు, గర్భసంచి చిట్లిపోవచ్చు కూడా.

ప్రశ్న: నేను ఆశా కార్యకర్తని. కాన్పయ్యాక ఎంత రక్తం పోతే ప్రమాదం? వాహనంలోనే కాన్పయిపోతే మేం ఏం చూసుకోవాలి?

జవాబు: అర లీటరు దాటితే ప్రమాదమని పాత లెక్క. 300 మిల్లీలీటర్లు పోయేసరికే నాడి వేగం పెరిగినా బీపీ పడిపోయినా చికిత్స మొదలుపెట్టమని ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చిక్కేమిటంటే కంటి అంచనా ఎప్పుడూ తక్కువే చెబుతుంది. గుడ్డల్లో ఇంకింది, పక్క కిందికి జారింది లెక్కలోకి రాదు. కెన్యా, నైజీరియా, టాంజానియా, దక్షిణాఫ్రికాల్లో 2 లక్షల పైచిలుకు కాన్పుల మీద చేసిన అధ్యయనం 2023లో వచ్చింది. నడుం కింద గీతలున్న ప్లాస్టిక్ సంచీ పరిచి రక్తాన్ని కొలిచారు. గీత దాటగానే గర్భసంచి మర్దన, మందులు, సెలైన్, పరీక్ష అన్నీ ఒకేసారి మొదలుపెట్టారు. తీవ్ర రక్తస్రావం, దానివల్ల ఆపరేషన్, మరణం, ఇవన్నీ కలిపి 60 శాతం తగ్గాయి. అందులో కొత్త మందు ఒక్కటీ లేదు. అలాంటి సంచీలు మీ పీహెచ్‌సీ కాన్పు గదిలో ఉన్నాయేమో అడగండి, లేకపోతే తెప్పించమనండి.

మీరున్న చోట సంచీ లేకపోతే గుర్తు ఇదీ: శుభ్రమైన ప్యాడ్ 5 నిమిషాల్లోపే తడిసి ముద్దయితే ఎక్కువ పోతున్నట్టే. వెంటనే బొడ్డు కింద చేయి పెట్టి చూడండి. గర్భసంచి బంతిలా గట్టిగా తగలాలి. పిండి ముద్దలా మెత్తగా ఉంటే గట్టిపడేదాకా గుండ్రంగా మర్దన చేయండి. మూత్రం పోయించండి, నిండిన మూత్రాశయం గర్భసంచిని ముడుచుకోనివ్వదు. బిడ్డని రొమ్ముకి పట్టించండి. మాయ పడకపోతే బొడ్డుతాడు పట్టి లాగవద్దు.

రక్తస్రావం రాకుండా, బిడ్డ పుట్టిన నిమిషంలో 10 యూనిట్ల ఆక్సిటోసిన్ కండకి ఇవ్వడం నర్సు పని. ఆ మందుని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. తుపానుకి రెండు రోజులు కరెంటు పోయిన ఫ్రిజ్‌లోని మందు చూడ్డానికి మామూలుగానే ఉంటుంది, పని మాత్రం చేయకపోవచ్చు. అది లేని చోట 200 మైక్రోగ్రాముల మిసోప్రోస్టాల్ బిళ్లలు మూడు నోటికి ఇస్తారు. కడుపులో రెండో బిడ్డ లేదని ఖాయం చేసుకున్నాకే, శిక్షణ ఉన్నవాళ్లే ఇవ్వాలి. రక్తస్రావం మొదలైతే దాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ 1 గ్రాము నరానికి, 10 నిమిషాల్లో మెల్లగా ఎక్కిస్తారు. కాన్పయిన 3 గంటల్లోపే ఇవ్వాలి. ఆలస్యమైన ప్రతి 15 నిమిషాలకీ దాని ఫలితం సుమారు పదో వంతు తగ్గుతుంది.

ఆపకుండా పోతున్న రక్తస్రావానికి తల్లి ప్రాణం రెండు గంటల్లోనే పోవచ్చు. అందుకే లంకల్లో దూరాన్ని కిలోమీటర్లలో కొలవకూడదు. ఇంటి నుంచి రేవు, పడవ కోసం ఆగడం, ఏరు దాటడం, గట్టు నుంచి ఆసుపత్రి, వీటికి పట్టే నిమిషాలు రాత్రి వేళకి లెక్కగట్టి రాసుకోండి. మొత్తం గంట దాటే ప్రతి ఇంట్లోనూ 37 వారాలకే తరలించాలని మీరు పట్టుబట్టండి.

ప్రశ్న: మా ఆవిడకి గుర్రపువాతం (కాన్పు రోజుల్లో బీపీ పెరిగి వచ్చే ఫిట్స్) వచ్చిందన్నారు. ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి, అక్కడి నుంచి కాకినాడకి పంపారు. దారిలో మందులు, చివర్లో రక్తం డబ్బులిచ్చి కొన్నాం. ఇది న్యాయమేనా?

జవాబు: కాదు. 2011 జూన్ 1న మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం అన్నీ ఉచితం. మామూలు కాన్పుకి 3 రోజులు, సిజేరియన్‌కి 7 రోజులు భోజనం ఇవ్వాలి. ఇంటి నుంచి ఆసుపత్రికి, ఒక ఆసుపత్రి నుంచి ఇంకోదానికి, తిరిగి ఇంటికి వాహనం కూడా ఉచితమే. బయట కొనిపించిన మందుల చీటీలు, బిల్లులు తేదీల వారీగా పెట్టి జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ కూడా ఇచ్చి రసీదు తీసుకోండి. 104కి ఫోన్ చేసి చెప్పవచ్చు, కానీ కాగితం ఉంటేనే కదులుతుంది.

డబ్బు కంటే మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టింది వరసగా పంపడం. ఫిట్స్ వచ్చిన తల్లిని పై ఆసుపత్రికి పంపే ముందు ఫిట్స్ ఆపే మెగ్నీషియం సల్ఫేట్ మొదటి మోతాదు ఇచ్చి తీరాలి. పిరుదుకి 5 గ్రాముల చొప్పున రెండు వైపులా కలిపి 10 గ్రాములు. పీహెచ్‌సీలో నర్సు కూడా ఇవ్వగలిగిన మందు అది. ఇవ్వకుండా పంపితే దారిలో మళ్లీ ఫిట్స్ రావచ్చు. రిఫరల్ చీటీ మీద బీపీ ఎంత, ఏ మందు ఎంత ఇచ్చారు, ఎన్ని గంటలకి ఇచ్చారు రాసి ఉండాలి. లేకపోతే పై ఆసుపత్రిలో మళ్లీ మొదట్నుంచి చూడాల్సి వస్తుంది. బండి ఎక్కే ముందు, పంపే ఆసుపత్రి వాళ్ల చేత పై ఆసుపత్రికి ఫోన్ చేయించి మూడు సంగతులు అడిగించండి: ఈ రాత్రి ఆపరేషన్ చేసే డాక్టరు ఉన్నారా, మత్తు డాక్టరు ఉన్నారా, ఈ గ్రూపు రక్తం ఉందా. ఒక్కటి లేకపోయినా అక్కడ ఆగకుండా తర్వాతి ఆసుపత్రికే నేరుగా వెళ్లాలి. మధ్యలో ఆగిన ప్రతిచోటా గంట పోతుంది.

రక్తం విషయంలో, బదులు రక్తం ఇచ్చే మనిషిని తెస్తేనే ఇస్తామని ప్రాణాపాయంలో ఆపడం తప్పు. అయినా ఎనిమిదో నెలలోనే ముగ్గురు దాతల్ని చూసి ఉంచుకోండి. 18 ఏళ్లు నిండి, 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉండాలి. మగవాళ్లు రక్తం ఇచ్చి 3 నెలలు, ఆడవాళ్లు 4 నెలలు దాటి ఉండాలి. తల్లిది నెగెటివ్ గ్రూపు, బిడ్డది పాజిటివ్ అయితే తర్వాతి కాన్పులో బిడ్డకి హాని రాకుండా 72 గంటల్లోపు తల్లికి చేయాల్సిన యాంటీ-డి ఇంజెక్షన్ చేశారో లేదో అడగండి.

ప్రశ్న: ఇంటి ముందుకే బండి వచ్చే ఊళ్లకీ మాకూ ఇంత తేడా ఎందుకు? ఎన్ని ఆసుపత్రులు ఉండాలన్న లెక్క ఏమైనా ఉందా?

జవాబు: ఉంది. 5 లక్షల జనాభాకి కాన్పు అత్యవసరాలు చూసే కేంద్రాలు కనీసం 5, వాటిలో సిజేరియన్ చేసి రక్తం ఎక్కించగలిగేది కనీసం ఒకటి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలమానం. 2023లో ప్రపంచంలో సుమారు 2.6 లక్షల మంది తల్లులు గర్భం, కాన్పు కారణాలతో చనిపోయారు. అందులో 92 శాతం పేద, దిగువ మధ్య ఆదాయ దేశాల్లోనే. 2018-20 లెక్కల్లో లక్ష కాన్పులకి దేశంలో 97 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 45 మంది. మన రాష్ట్రం మెరుగే. కానీ ఆ 45 సగటు అంకె, గట్టు ఇవతల ఎందరో అవతల ఎందరో అది చెప్పదు. బోర్డు మీద ఆసుపత్రి ఉన్నంత మాత్రాన లెక్కలోకి రాదు. రాత్రి రెండు గంటలకి మత్తు డాక్టరు ఉంటేనే అది అత్యవసర కేంద్రం. మీ పంచాయతీ తీర్మానంలో కొత్త భవనం అడిగే ముందు మూడు అడగండి: దగ్గరి ఆసుపత్రిలో 24 గంటలూ మత్తు డాక్టరు, అక్కడే రక్తం నిల్వ కేంద్రం, జులై నుంచి సెప్టెంబరు దాకా మీ రేవులో రాత్రింబవళ్లు ఇంజను పడవ, దాన్ని నడిపే సరంగుతో సహా.