పెద్ద కంపెనీ ట్రేడ్‌మార్క్ నోటీసు పంపితే మా కొండ పేరు వదులుకోవాలా?

పాడేరు దగ్గర మీ ఆదివాసీ మహిళా సంఘం సొంత కొండ పేరుతో కాఫీ పొడి, తేనె అమ్ముకుంటూ ఉంటే, ఆ పేరు తమ రిజిస్టర్డ్ ట్రేడ్‌మార్క్ అనీ, పదిహేను రోజుల్లో లేబుళ్లు మార్చకపోతే దావా వేస్తామనీ ఒక పెద్ద కంపెనీ నోటీసు పంపిందని రాశారు. చింతపల్లి వైపు మా సంఘానికీ ఇలాంటి నోటీసే వచ్చింది. సంఘం లెక్కలు రాసేది నేనే కనుక ఆ వ్యవహారమంతా నా చేతుల మీదుగానే నడిచింది.

వకీలు నోటీసు కోర్టు ఉత్తర్వు కాదు. గడువులోగా జవాబు ఇవ్వండి, కానీ దానితో జతచేసిన హామీపత్రంపై మాత్రం సంతకం చేయకండి. మాకు వచ్చిన పత్రంలో, ఆ పేరుపై మాకు ఏనాడూ హక్కు లేదని ఒప్పుకుంటున్నట్టు ఒక వాక్యం ఉంది. గొడవ వదిలిపోతుందని మా పెద్దలు వేలిముద్ర వేయడానికి సిద్ధపడ్డారు, ఎంతో నచ్చజెప్పి ఆపవలసి వచ్చింది. 2018లో షికాగోకు చెందిన అలోహా పోకే కంపెనీ ‘అలోహా పోకే’ అనే పేరు వాడవద్దని ఇలాంటి లేఖలు పంపినప్పుడు (అలోహా అన్నది హవాయి భాషలోని పలకరింపు మాట), అలాస్కాలోని యాంకరేజ్‌లో హవాయి ఆదివాసీ కుటుంబం నడుపుతున్న ఒక చిన్న హోటల్ తన పేరు మార్చుకుంది. ఆ పరిస్థితి మీకు రాకూడదని నా కోరిక.

మీకు అసలు బలం 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టంలోని 34వ సెక్షన్. కంపెనీ ఆ పేరును వాడడం మొదలుపెట్టిన తేదీ, దాని రిజిస్ట్రేషన్ తేదీ, ఈ రెండింటిలో ఏది ముందైతే దానికన్నా ముందు నుంచి మీరు ఎడతెగకుండా ఆ పేరుతో అమ్ముతున్నట్టయితే, కేవలం రిజిస్ట్రేషన్ చూపించి మిమ్మల్ని ఆపలేరు. అయితే సంతలో అమ్మిన సరుకుకు బిల్లు ఉండదు కనుక, తేదీలు నిరూపించడమే మనలాంటి సంఘాలకు కష్టం. మేము మినిట్స్ పుస్తకాలు, బ్యాంకు పాస్‌బుక్, ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) మేళాలో స్టాల్ ఇచ్చిన కాగితం, పాత వాట్సాప్ ఆర్డర్లు అన్నీ పోగుచేశాము. చివరికి అన్నిటికన్నా గట్టిగా నిలిచింది నర్సీపట్నంలో మొదటిసారి లేబుళ్లు వేయించిన ప్రెస్సు బిల్లు, ఎందుకంటే దానిమీద పేరూ తేదీ రెండూ ఉన్నాయి. ఆ నకలుతో జవాబు వెళ్లిన తర్వాత కంపెనీ దావా వేయలేదు.

ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో 30వ తరగతి (కాఫీ, తేనె వంటి ఆహార సరుకుల వర్గం) కింద ఆ పేరును వెతికి చూడండి. కంపెనీ దరఖాస్తు ఇంకా రిజిస్ట్రీ జర్నల్‌లో ప్రకటించిన దశలోనే ఉంటే, ప్రకటన వచ్చిన 4 నెలల్లోగా అభ్యంతరం దాఖలు చేయవచ్చు. సరుకు ఎక్కడిదో తెలపడానికి ఊరి పేరునో కొండ పేరునో నిజాయితీగా వాడుకోవడాన్ని అదే ట్రేడ్‌మార్కుల చట్టంలోని 30వ సెక్షన్ అనుమతిస్తుంది, ఈ విషయం మీ జవాబులో తప్పక రాయించండి.

వకీలు ఖర్చు గురించి బెంగ పడకండి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం షెడ్యూల్డ్ తెగల వారికి, మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. కుల ధ్రువపత్రంతో జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకోండి. మీ పేరును మీరే రిజిస్టర్ చేసుకునే పని కూడా ఇప్పుడే మొదలుపెట్టండి. ఉద్యమ్ సర్టిఫికెట్ (చిన్న పరిశ్రమల నమోదు పత్రం) ఉన్న చిన్న సంస్థకు ఆన్‌లైన్‌లో ఒక తరగతికి రుసుము 4,500 రూపాయలు. కాఫీ పొడి, తేనె రెండూ 30వ తరగతిలోకే వస్తాయి కనుక ఒక్క దరఖాస్తు సరిపోతుంది. అందులో ఎప్పటినుంచి వాడుతున్నారో ఆ తేదీని అఫిడవిట్‌తో సహా చూపించండి.